ఐదక్షరాల పేర్లు

"ఖోల్‌కే చూసినవా బేటా?"

సగం ఉర్దూ, సగం తెలుగు. తెరిచి చూసినవా అని. మా దవాఖానలో ఈ మాటను వెక్కిరించని మనిషి లేడు. ఆయాలు అన్నం డబ్బాల మూతలు తీసేటప్పుడు ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్ళు. వాచ్‌మన్ గేటుకు తాళం వేస్తుంటే వెనక నుంచి ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు. అందరికంటే బాగా అనేవాణ్ణి నేనే. కళ్ళద్దాల మీది నుంచి చూసే చూపు, చివర 'బేటా' దగ్గర కొంచెం దిగే గొంతు, అన్నీ పట్టేశాను.

ఆ మాట అనే మనిషి పోయి మొన్నటికి నలభై రోజులు. ఆయన చాలీస్వాకు సంతోష్‌నగర్‌లోని వాళ్ళింటికి ఒక తప్పు ఒప్పుకుందామని వెళ్ళాను. అక్కడ విన్న మాట నుంచి ఇంకా తేరుకోలేదు. తేరుకోకముందే రాయాలనిపించింది. తేరుకున్నాక నాకు నేను మళ్ళీ సర్దిచెప్పుకుంటానని భయం.

మాది లాల్‌దర్వాజా లోపలి సందులో ఒక ట్రస్టు నడిపే కాన్పుల దవాఖాన. ఆయన రికార్డు రూము చూసేవాడు. నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి, ఇప్పటికీ చూస్తున్నాను. అందరికీ ఆయన చాచా. ఆయన అసలు పేరు ఎక్కడా రాసి ఉండగా చూసిన గుర్తు లేదు. సంతకం పెట్టాల్సిన చోట ఒక చిన్న టిక్కు పెట్టి, నేనే అని అందరికీ ఎరుకే కదా అనేవాడు.

నడి ఎండాకాలంలో కూడా గొడుగు తెచ్చేవాడు. గడప దాటే ముందు దాన్ని ఒకసారి విప్పి చూసి, మళ్ళీ ముడుచుకుని బయల్దేరేవాడట. తాళం వేస్తే, వేసిన తాళాన్ని మళ్ళీ తీసి, తాళంచెవి పనిచేస్తున్నదని చూసుకుని, మళ్ళీ వేసేవాడు. చాయ్ ఫ్లాస్కు వస్తే కప్పులో పోసే ముందు మూత తీసి లోపలికి తొంగిచూసేవాడు. చాయ్ ఫ్లాస్కుల చాయ్ గాక ఏముంటది చాచా అని నేనంటే, ఒకసారి ఉత్త వేడినీళ్ళొచ్చినయ్ అన్నాడు. ఎప్పుడని అడిగితే అది నేను పుట్టకముందు ముచ్చట.

ఈ అలవాటు ఎక్కడిదో ఒక్కసారే చెప్పాడు. కొలువులో చేరిన కొత్తలో కాన్పుల కాగితాలన్నీ ఏడాదివారీగా గుడ్డల్లో కట్టి, ఇనుప బీరువాలో పెట్టి, కట్టలు లెక్కపెట్టి రిజిస్టరులో రాశాడట. ఏటా తనిఖీకి వచ్చినవాళ్ళు బీరువా తెరిచి, కట్టలు లెక్కపెట్టుకుని పోయేవాళ్ళు. నాలుగేళ్ళకు ఒకావిడ తన బిడ్డ పుట్టిన కాగితం కోసం వస్తే కట్ట విప్పాడు. గుడ్డ గుడ్డలాగే ఉంది. లోపల చెదలు తిని వదిలిన మట్టి.

"గిన్తీ బరాబర్ ఉండె బేటా. కట్టలు బరాబర్ ఉండె. ఒక్కటి గూడ విప్పి చూడలే."

ఆవిడ ఏమన్నదని అడిగాను.

"ఏమంటది? నా మొఖం చూసింది. పోయింది."

నేను చేరకముందే ట్రస్టువాళ్ళు ఆ పాత కాగితాలన్నీ స్కాన్ చేయించారు. అప్పటి గుమాస్తాలు రాసిన గొలుసుకట్టు ఉర్దూ ఆయన తప్ప ఇంకెవరూ చదవలేరు కాబట్టి, స్కాన్ చేసిన ఒక్కో కాగితానికి పేరు పెట్టే పని ఆయన మీద పడింది. ఆ వయసులో కీబోర్డు నేర్చుకున్నాడు. ఉర్దూ అక్షరాలు చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాసి, కత్తిరించి, బంకతో మీటల మీద అతికించుకున్నాడు. నెలకో ఫోల్డరు, అందులో ఒక్కో ఫైలుకు తల్లి పేరు. అదే నెలలో ఇంకో సల్మాకు కాన్పయితే పక్కన రెండు అంకె వేసేవాడు. సల్మా అయినా, లక్ష్మి అయినా పేరు ఉర్దూలోనే. ఆయనకు అదే చేతికొచ్చిన రాత. పని పూర్తయ్యాక కాగితాలు తీసేసి, ఆ గదిలో ఇంకో వార్డు పెట్టారు. ఇన్నేళ్ళ కాన్పులు రెండు డిస్కుల్లోకి వచ్చాయి.

ఆ డిస్కులు పాతబడ్డాయి. వాటిలో ఉన్నదంతా కొత్త స్టోరేజి పెట్టెలోకి మార్చే పని నాది.

మార్చే ముందు వారం ఆయన నా గదికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎంతసేపు పడుతుందని అడిగాడు. రెండు పూటలు అన్నాను. తర్వాత పాత డిస్కులు ఏం చేస్తావన్నాడు. తుడిచేసి వేరే పనికి వాడుకుంటాం అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నక్కో. కాన్పయిన ఆడమనిషిని నలభై రోజులు కాపాడుకుంటరా లేదా? చిల్లా అయ్యేదాంక ఆమెతోని బరువు మోపియ్యరు, బయటికి పంపరు. ఇది గూడ కాన్పే. కొత్తదాంట్ల రోజు కొన్ని తెరిచి చూస్తం. నలభై రోజులైనంక పాతదాన్ని వదుల్తం."

"మరి నలభయ్యో రోజు డిస్కుకు తానం ఎవరు పోస్తరు చాచా?"

ఆయనా నవ్వాడు. నవ్వి, చెయ్యి చాపాడు. ఆ చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. జుమ్మా నమాజుకు ఆయన వెళ్ళే వేళ చూసి మొదలుపెట్టాను. పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తెరువు తెరువు అంటాడని. ఫైళ్ళు వెళ్తుండగా తెర మీద ఒక చిన్న గడి వచ్చింది. ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని మీదే రాయమంటారా అని. ఏదో ఒకటి రెండుసార్లు పడిందనుకున్నాను. అవును అన్నాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చేసరికి కింద 'అన్నిటికీ అవును' అని ఉంది, అది నొక్కేశాను. గడి మళ్ళీ రాలేదు. శనివారం పూర్తయిందని చూపించింది. ఎన్ని ఫైళ్ళు పంపిందో ఆ లెక్క పాత డిస్కులతో సరిగ్గా సరిపోయింది.

ఇంకోటి కూడా చూశాను. కొత్త పెట్టెలో నిండిన జాగా ఉండాల్సిన దానికంటే చాలా తక్కువుంది. కొత్త పెట్టెలు కుదించి పెట్టుకుంటాయిలే అనుకున్నాను. అది అనుమానమే. అనుమానమని తెలిసే దాన్ని పక్కకు నెట్టాను.

ఆ పై ఆదివారం బోనాలు. ఊరేగింపు మా సందు ముందు నుంచే పోతుంది. ఆలోపు వరండాల్లో కెమెరాలు నడవాలని మేనేజర్ సారు పట్టుబట్టారు. కెమెరాల పెట్టెకు డిస్కులు కావాలి. మైగ్రేషన్ అయిపోయింది సార్, మన పాత డిస్కులే పెట్టేద్దాం అని నేనే ముందుకెళ్ళి చెప్పాను. చురుకైనవాడు అనిపించుకోవాలని ఉండేది. సోమవారం పొద్దున పదింటికి రెంటినీ ఫార్మాట్ చేసి కెమెరాల పెట్టెలో బిగించాను. మాటిచ్చి పట్టుమని పది రోజులు కాలేదు.

పదకొండింటికి చాచా వచ్చాడు. రోజూలాగా స్టూలు లాగలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఖోల్‌కే చూసినవా బేటా?"

"చూసిన చాచా. అన్నీ ఉన్నయ్."

ఆయన కొంచెంసేపు కదల్లేదు. ఇంకేదో అడగబోయి ఆగినట్టు అనిపించింది. తర్వాత అడిగాడు.

"పాత డిస్కులు?"

"లోపల భద్రంగ ఉన్నయ్. నలభై రోజులు అన్నరు కదా."

అంత తడుముకోకుండా ఎలా అన్నానో నాకే తెలియదు. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నా బల్ల దగ్గర నుంచి చూస్తే వరండాలో ఆయన నడిచిపోవడం కనిపించేది. కొత్త కెమెరా తెర మీద కూడా కనిపించింది. ఆ నడక ఆ క్షణాన ఎవరి పేరు మీద రికార్డయిందో ఇప్పుడు ఆలోచిస్తుంటాను.

పదకొండు రోజులు గడిచాయి. బోనాలు అయిపోయాయి. సందులో కట్టిన వేపాకు తోరణాలు ఇంకా తీయలేదు. ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. అంగన్‌వాడీలో ఆయా కొలువుకు దరఖాస్తు పెట్టుకున్నది. బడి కాగితాల్లో వయసు రెండేళ్ళు ఎక్కువ పడింది, పుట్టిన కాగితం చూపిస్తే తప్ప తీసుకోమన్నారు. ఇంకా పది రోజులే గడువు. తల్లి పేరు యాదమ్మ.

చాచా ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చాడు. నెల, సంవత్సరం చెప్పాడు. ఆ ఫోల్డరు తెరిచాను.

పేర్లు లేవు. పేరు ఉండాల్సిన చోట అడ్డగీతలు. మూడు గీతల ఫైలు ఒకటి, నాలుగు గీతలది ఒకటి, ఐదు గీతలది ఒకటి. నలభై, యాభై కాన్పులు ఉండాల్సిన నెలలో మొత్తం తొమ్మిది ఫైళ్ళు. ఫైళ్ళను మార్చిన ప్రోగ్రాముకు ఉర్దూ అక్షరాలు అర్థంకాక, ఒక్కో అక్షరానికి ఒక్కో గీత పెట్టింది. ఫాతిమా ఉర్దూలో ఐదక్షరాలు. లక్ష్మి ఐదక్షరాలు. యాదమ్మ కూడా ఐదక్షరాలే. ముగ్గురి పేర్లూ అవే ఐదు గీతలు. ఒకే పేరున్న ఫైలు ఉంది, దాని మీదే రాయనా అని అది నన్నడిగింది. అన్నిటికీ అవునన్నాను. ఒకామె మీద ఇంకొకామెను రాసుకుంటూ పోయింది. ఆ నెలలో ఐదక్షరాల తల్లులందరిలోకి చివరామె మిగిలింది.

ఐదు గీతల ఫైలు తెరిచాను. చాచా వంగి చదివాడు. ఫాతిమా.

పక్క నెల తెరిచాను. ఆ పక్కది. ఏ ఏడాది చూసినా గీతలే. ఆమె మా వెనక నిలబడి, దొరికిందా అన్నా అని అడుగుతోంది.

చాచా మాత్రం తొణకలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ నక్కో. పాత డిస్కులు ఉన్నయ్ కదా. తీస్కరా."

నేను లేవలేదు. ఆయన నా మొఖంలోకి చూశాడు. కెమెరాల పెట్టె వైపు చూపించాను.

మనిషి మొఖంలో నెత్తురు దిగిపోవడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. తిట్టలేదు. నలభై రోజులు అన్న కదా అని కూడా అనలేదు. నేరుగా వెళ్ళి కెమెరాల పెట్టె ప్లగ్గు గోడలోంచి పీకేశాడు. ఫార్మాట్ చేసినా, పైన కొత్తది రాయనంత వరకు పాతది తిరిగి తీయొచ్చు; ఇంకా దాని మీద ఏదీ రాయకుండా ముందు ఆపాలని నాకు తెలుసు, అది నా చదువు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. ఆ పని ఆయన చేశాడు. తడిసిన కాగితాల కట్టను ముందు ముట్టకుండా వదిలెయ్యాలని ఎరిగినవాడు, అంతే.

పదకొండు రోజుల ఖాళీ వరండా ఆ తల్లుల మీద రికార్డయింది. సోమవారం నిజం చెప్పి ఉంటే ఒక గంట వరండా మాత్రమే అయ్యేది.

మేనేజర్ సారు గదిలో విచారణ. ట్రస్టు తరఫున ఇద్దరు వచ్చారు. ఎలా జరిగిందని అడిగారు. నేను గొంతు సవరించుకుంటున్నాను. చాచా ముందే మొదలుపెట్టాడు. పేర్లు ఉర్దూలో పెట్టింది తనేనని, మిషనుకు ఉర్దూ రాదని తనకు తెలియలేదని, డిస్కులు వదిలెయ్యమని తాను చెప్తేనే కదా ఈ పిల్లగాడు వాడుకున్నాడని అన్నాడు. ఆ చివరి మాట పచ్చి అబద్ధం. నాకు తెలిసి ఆయన ఆడిన ఒకే ఒక్క అబద్ధం. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

రిటైరయ్యే వయసు దాటి పొడిగింపు మీద ఉన్నాడు కాబట్టి పంపించెయ్యడం తేలికైంది. పంపించే కాగితం టైపు చెయ్యమని నాకే ఇచ్చారు. 'రికార్డు కీపరు నిర్లక్ష్యం వలన' అని నా చేతులతో కొట్టాను. నిర్లక్ష్యంలో ఒత్తు తప్పు పడితే దిద్దాను కూడా.

డిస్కులను నగరం అవతల, పోయిన డేటా తీసే వాళ్ళ దగ్గరికి పంపారు. నెలన్నరకు డేటా తిరిగి వచ్చింది. చాలావరకు వచ్చింది, కానీ పేర్లు రాలేదు. ఉత్త బొమ్మలు, అంకెలతో, వేల మీద. ఏది ఏ నెలదో తెలియదు. కొన్ని సగం వరకే కనిపించి కింద బూడిద రంగు. ఒక్కొక్కటీ తెరిచి, ఆ గొలుసుకట్టు చదివి, పేరు పెట్టాలి. చదవగలిగే మనిషిని మేమే గేటు బయటికి పంపించాం.

రేపట్నుంచి ఎలా అని మేనేజర్ సారు నన్ను అడిగిన మర్నాడు పొద్దున, గొడుగు పట్టుకుని చాచా నా గది ముందు నిలబడి ఉన్నాడు. ఎవరు కబురు పెట్టారో నాకు తెలియదు. నేను పెట్టలేదు. స్టూలు లాక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మొదటిది తెరువు అన్నాడు.

ఏడు నెలలు. కొలువు లేకుండా, రోజూ బస్సులో వచ్చి, ఆ స్టూలు మీద. నేను తెరుస్తుంటే ఆయన చదివేవాడు, నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. పేరుతో పాటు తేదీ, తండ్రి పేరు, వార్డు. యూసుఫ్‌బీ. నర్సమ్మ. జైనబ్. కొన్ని చోట్ల ఆగి నవ్వేవాడు. ఈమెకు కవలలు, రెండో పిల్లగాడు వస్తడని డాక్టరమ్మకే ఎరుకలేదు అనేవాడు. చాయ్ ఫ్లాస్కు వస్తే మూత తీసి చూసి పోసేవాడు, ముందు నాకు. సాయంత్రం ఆ రోజు చేసినవాటిని రెండో డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కులోంచి పది తీసి తెరిచి చూసేదాకా లేచేవాడు కాదు.

కానీ ఆ మాట అనడం మానేశాడు. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఖోల్‌కే చూసినవా అని నన్ను అడగలేదు. అడగాల్సిన చోట చెయ్యి చాపి మౌస్ తీసుకుని తనే తెరిచి చూసేవాడు. వీడి మాట మీద నమ్మకం పోయింది, అందుకే అడగడం లేదనుకున్నాను. నాకు పడాల్సిన శిక్షే అనుకున్నాను. ఆ శిక్షలో ఒక సుఖం కూడా ఉండేది. శిక్ష అనుభవిస్తున్నాను కాబట్టి చెప్పాల్సిన పని లేదని. రోజూ మూరెడు దూరంలో కూర్చున్న మనిషికి, సోమవారం నేను చూడలేదు చాచా అనే నాలుగు మాటలు చెప్పలేదు.

యాదమ్మ కాగితం నాలుగో నెలలో దొరికింది. కింది సగం బూడిద, పైన తల్లి పేరూ తేదీ చక్కగా ఉన్నాయి. ఆయన ఆ రోజు చాయ్ తాగలేదు. నేను ఫోన్ చేస్తే కూతురు వచ్చింది. కొలువు అప్పటికే వేరేవాళ్ళకు పోయింది. కాగితం తీసుకుంది. నా మొఖం చూసింది. పోయింది. చాచా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

చివరకు దొరకనివి కొన్ని వందలు. వాటి జాబితా లేదు. ఏవి లేవో చెప్పడానికి ఒకప్పుడు ఉన్నవాటన్నిటి పేర్లు కావాలి కదా. పని అయ్యాక ఆయన రావడం తగ్గింది, తర్వాత ఆగింది. పండగకు ఫోన్ చేసేవాణ్ణి. బాగున్నవా బేటా అనేవాడు. ఈసారి చెప్తాను అనుకుంటూనే పెట్టేసేవాణ్ణి.

పోయిన సంగతి అఫ్జల్‌గంజ్ బస్టాపులో మా పాత వాచ్‌మన్ కనిపిస్తే తెలిసింది. అప్పటికే నెల దాటింది. చాలీస్వా ఎప్పుడో ఆయనే చెప్పాడు.

మొన్న వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. మగవాళ్ళు ఫాతెహా చదివి, తిని, లేస్తున్నారు. గోడకు మేకుకు గొడుగు వేలాడుతోంది. చాచీని అంతకుముందు చూడలేదు. నేను దవాఖాన నుంచి వచ్చానని, కంప్యూటరు పని చేస్తానని చెప్తే ఆమె మొఖం విప్పారింది.

"నువ్వేనా కంప్యూటర్ బేటా? నీ ముచ్చట చెప్పని పొద్దు లేదు. ఏడు నెలలు పక్కన కూసోబెట్టుకున్నడు, నా మీద ఇసుక్కోలే అనెటోడు. ముందల నాకు చాయ్ పోసినంకనే తను తాగుతడు అని నవ్వెటోడు."

చాయ్ ముందు నాకు పోసింది ఆయన. అది అబద్ధమో, ఆయనకు అలాగే గుర్తుందో. నేను చెప్పాలనుకుని వచ్చిన మాట ఎత్తబోయాను. ఆమె పక్కకు జరిగి కూర్చోమంది. గొంతు తగ్గించింది.

"నిన్ను ఒకటి అడగాలె. ఆ దవాఖానల ఇంకో పోరడు ఉండెనంట. డిస్కులు మార్చినోడు. ఎరుకనా నీకు?"

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఒక సోమవారం చాచా మధ్యాహ్నమే ఇంటికొచ్చాడట. అన్నం ముట్టలేదట. ఏమైందంటే, ఈ పొద్దు నేనొక గునా చేసిన, పాపం చేసిన అన్నాడట.

ఆమె చెప్పిన ఆయన మాటలు ఇవి.

"పొద్దుగాల్నే కొత్తదాంట్ల తెరిచి చూసిన. పేర్లు లేవు, గీతలున్నయ్. పోయి చెప్పాలె. చెప్పకుంట, ఖోల్‌కే చూసినవా అని అడిగిన. తెలిసి అడిగిన. వాడు భయపడి చూసిన అన్నడు. వాని నోట్ల అబద్ధం నేనే పెట్టిన."

గదిలో ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. ఆ చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది.

గుమ్మంలో నిలబడి అడిగినప్పుడే ఆయనకు తెలుసు. కదలకుండా నిలబడ్డ ఆ కొంచెంసేపు నేను చెప్తానేమోనని చూశాడు. పాత డిస్కులు భద్రంగా ఉన్నాయన్న నా రెండో మాట నమ్మాడు. డిస్కులు ఉన్నయ్, ఫికర్ లేదు, నలభై రోజుల్ల వాడే చూసుకుంటడు, వాడే దిద్దుకుంటడు అని చాచీతో అన్నాడట. నా తప్పు నేనే కనిపెట్టుకోవాలని, పరువు పోకుండా దిద్దుకోవాలని పదకొండు రోజులు ఆగాడు. ఆ పదకొండు రోజులూ కెమెరాలు నడిచాయి. అందుకే ప్లగ్గు పీకిన రోజు ఆ మొఖం. అందుకే ఆ తర్వాత నన్ను ఎన్నడూ అడగలేదు. నమ్మకం పోయి కాదు. ఇంకోసారి నా నోట్లో అబద్ధం పెట్టకూడదని.

"ఆఖరి దినాలల్ల గూడ అదే ఫికర్," అన్నది చాచీ. "ఆ పోరడు ఎన్నడన్న వస్తే నా తరఫున మాఫీ అడుగు అన్నడు. పేరు చెప్పుమంటే చెప్పలే. నీకు ఎరుకైతే వానికి జర చెప్పు బేటా. మాఫ్ చెయ్యిమను."

ఒకే మనిషిని రెండు చేసి ఇంట్లో చెప్పుకున్నాడు. చాయ్ పోసే బేటాను ఒకరిని, అబద్ధమాడిన పోరణ్ణి ఇంకొకరిని. ఒకరి మీద ఒకరు పడి చెరిగిపోకుండా, వేరే వేరే పేర్లతో దాచాడు. సరేనని తల ఊపి లేచి రావచ్చు. ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది.

"ఇద్దరు లేరు చాచీ. ఆ పోరడు నేనే."

ఆమె నన్ను చూసింది. యాదమ్మ కూతురు చూసినట్టు చూసి లేచిపోతుందనుకున్నాను. లేవలేదు.

"అయితే నువ్వే చెప్పు," అన్నది. "మాఫ్ చేసినవా లేదా?"

మాఫీ అడగడానికి వెళ్ళినవాణ్ణి. తల ఊపాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తినకుండా పోవద్దని నాకు ప్లేటు తెప్పించింది.

వచ్చేముందు వాళ్ళ అమ్మాయిని ఒకటి అడిగాను. చాచా పేరు ఉర్దూలో ఒక కాగితం మీద రాసివ్వమని. ఎందుకని అడగలేదు. పెద్ద పెద్ద అక్షరాలతో, నేను చూసి కొట్టుకునేలా, విడివిడిగా కూడా రాసిచ్చింది. లెక్కపెట్టాను. ఐదు.

నిన్న పొద్దున దవాఖానకు వెళ్ళి, 'రికార్డు కీపరు నిర్లక్ష్యం వలన' అన్న పాత కాగితం తీశాను. దాని కింద జరిగింది జరిగినట్టు రాశాను. అన్నిటికీ అవునని నొక్కింది, ఫార్మాట్ చేసింది, రెండు అబద్ధాలు, విచారణలో మౌనం, అన్నీ. సంతకం పెట్టి మేనేజర్ సారు బల్ల మీద ఉంచాను. ఆయన చదివి, తలెత్తకుండా, బయట ఉండు, ట్రస్టువాళ్ళతో మాట్లాడతానన్నారు.

బయట ఉండమన్న ఆ సమయంలో నా గదికి వచ్చి ఆ కాగితాన్ని స్కాన్ చేశాను. ఇప్పటి పెట్టె ఉర్దూ పేర్లు తీసుకుంటుంది. అమ్మాయి రాసిచ్చిన చీటీ పక్కన పెట్టుకుని, తెర మీద అక్షరాలు వెతుక్కుంటూ, కుడి నుంచి ఎడమకు, ఫైలుకు ఆయన పేరు పెట్టాను. రెండో డిస్కులోకి ఎక్కించాను. పూర్తయిందని చూపించింది.

రెండో డిస్కులోకి వెళ్ళాను. ఐదక్షరాలూ ఉన్నాయి. ఒక్క గీత లేదు. తెరిచాను. మొదటి వరుస నుంచి నా సంతకం దాకా చదివాను. గుమ్మం వైపు తిరిగాను. స్టూలు ఖాళీగా ఉంది.

చూసిన చాచా.